కూర్చోవడానికి ముప్పై అయిదు మార్కులు

అరవై దాటిన ప్రతి మనిషినీ ఏడాదికోసారి కొలిచి, మార్కులు వేసి, ఆ మార్కుల్ని మలేరియా వాళ్ళు తేదీలు రాసినట్టు వీధిగోడల మీద పెద్ద అంకెలతో రాయించాలని నేను ప్రభుత్వాన్ని గట్టిగా కోరుతున్నాను!

నవ్వకండి. నవ్వులాటకి రాస్తున్నది కాదిది. రైల్వే గూడ్సు ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు బస్తాలు తూయించి రిటైరైనవాణ్ణి నేను. తూకం వేయని సరుకు ఎంత అయోమయంలో పడుతుందో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది? బస్తాకి కాటా ఉంది. బడిపిల్లలకి పరీక్షలున్నాయి. పాలకి లాక్టోమీటరు ఉంది. ముసలివాళ్ళకి ఏముంది, చెప్పండి?

ఇన్నాళ్ళూ మనం చేసిన నిర్వాకం ఏమిటి? పెద్దాయన ఎదురైతే "ఎలా ఉన్నారండీ?" అని అడిగేవాళ్ళం. ఆయన "ఏదో, ఇలా ఉన్నామండీ" అనేవాడు. ఇదీ ఒక సమాధానమేనా? వందకి ఎంత ఉన్నారు? నిరుటికంటే పెరిగారా, తగ్గారా? పక్కింటాయన కంటే ఎక్కువా, తక్కువా? ఏ లెక్కా తెలియకుండానే మన తాతలందరూ ముసలివాళ్ళయిపోయి, తమ స్కోరు తెలుసుకోకుండానే కన్నుమూశారు. తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

మా ఊళ్ళో ఇప్పుడా దుర్గతి లేదు. మా ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే రాష్ట్రంలో ఉన్న వృద్ధులందరూ కొలిపించుకోవడానికి వచ్చి మా మీద పడతారు. నిడదవోలు జంక్షన్లో రైలు మారి, నరసాపురం పాసింజరులో కొంతదూరం వచ్చి, కాలవ వంతెన దాటగానే దిగిపోతే అదే మా ఊరని మాత్రం అనుకోండి.

ఇక్కడ మేము వయోవృద్ధుల వ్యాయామ సంఘం పెట్టుకుని మూడేళ్ళయింది. బట్టలకొట్టు మల్లేశ్వరరావుగారు అధ్యక్షులు, నేను కార్యదర్శిని. సభ్యులం ఇరవై ముగ్గురం. తెల్లవారగానే తెల్ల కాన్వాసు బూట్లు తొడుక్కుని, మెడకి మఫ్లర్లు చుట్టుకుని, కాలవగట్టు మీద లాకుల దాకా నడుస్తాం. లాకుల దగ్గర హోటల్లో పెసరట్టు ఉప్మా తిని, కాఫీ తాగి, దేశం ఎటు పోతోందో మాట్లాడుకుంటాం. తిరిగి వచ్చేటప్పుడు అధ్యక్షులవారు రిక్షా ఎక్కుతారు. ఎండెక్కాక నడిస్తే ఆరోగ్యానికి మంచిది కాదని ఆయన అభిప్రాయం.

అలా మామూలుగా సాగిపోతున్న మా బతుకుల్లోకి, ఎనభై మూడో సంవత్సరం జనవరి ఆఖర్న, డాక్టరు వీరబ్రహ్మంగారు అడుగుపెట్టారు. నిండా ముప్పై ఏళ్ళు లేవు, ఎంత సౌమ్యుడో! ముసలివాళ్ళ శరీర సామర్థ్యం ఎంత, వ్యాయామం మీద వాళ్ళకి ఆసక్తి ఎంత అనే విషయం మీద ఆయన థీసిస్ రాస్తున్నారట. చేతిలో స్టాప్‌వాచీ, సంచిలో టేపూ, పిడికిలితో పిండితే ముల్లు తిరిగే స్ప్రింగు యంత్రమూ, ఇంగ్లీషులో అచ్చువేసిన ప్రశ్నల కాగితాలూ తెచ్చుకున్నారు. ఆ ప్రశ్నల్ని తెలుగు చేసి, అందరినీ అడిగి, జవాబులు రాసి, మార్కులు వేసే బాధ్యత నాకు అప్పజెప్పారు. వందకి యాభై మార్కులు శరీరానికి, యాభై ఆసక్తికి.

కుర్చీలోంచి అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరు? దీనికి ఇరవై. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరు? దీనికి ఇరవై. పిడికిలి పట్టు ఎంత? దానికి పది. ఎంత సులభం! జీవితమంతా ఇంత సులభంగా ఉంటే ఎంత బాగుండేది!

ఆదివారం ఎలిమెంటరీ స్కూలు వరండాలో క్యాంపు పెట్టాం. మొదటి కుర్చీ అధ్యక్షులవారిది. డాక్టరుగారు స్టాప్‌వాచీ నొక్కారు. మల్లేశ్వరరావుగారు నలభై ఏళ్ళుగా గల్లాపెట్టె వెనక మెత్త మీద కూర్చున్న మనిషి. పెళ్ళిబట్టల బేరం వస్తే తప్ప లేచే అలవాటు లేదు. రెండుసార్లు లేచారు. మూడోసారి సగం లేచి, పరిస్థితి ఆలోచించి, కూర్చుండిపోయారు.

"రెండండీ" అన్నారు డాక్టరుగారు.

"రెండేంటండి డాక్టరుగారూ! నేను లేవడమంటే మాటలా? మా కొట్లో గుమాస్తాల్నడగండి. పద్నాలుగు వేసుకోండి."

"అలా కుదరదండి. లేచింది రెండుసార్లే కదా."

"పోనీ మీ మాట కాదనను. పన్నెండు చేసుకోండి."

"అయ్యా, ఇది లెక్కండి..."

"లెక్కేనండి, కాదన్నానా? మీరో మెట్టెక్కండి, నేనో మెట్టు దిగుతాను. కొత్తగా వచ్చారు, మొదటి బేరం. తొమ్మిదికి ఖాయం చేసుకోండి."

తొమ్మిదికి ఖాయమైంది. చుట్టూ ఉన్న వాళ్ళందరూ న్యాయమైన ధరేనన్నారు. నడక పరీక్షలో మూడో నిమిషానికి ఆయన ఆగిపోయి, మిగతా మూడు నిమిషాలూ రేపు పొద్దున లాకుల దగ్గర నడుస్తానని పదిమంది ఎదుట మాటిచ్చారు. వర్తకుడి మాట! డాక్టరుగారు దాన్ని కూడా నడకగానే రాసుకోవలసి వచ్చింది. అన్నీ కలిపి, ఆసక్తికి యాభైకి యాభై వేసి, పైన కాస్త సర్దితే అధ్యక్షులవారికి తొంభై రెండు తేలింది. నాకు ఎనభై ఒకటి. నా మార్కులు నేనే వేసుకున్నాను కాబట్టి అందులో పక్షపాతమేమీ లేదు.

ఇక చూడండి మా ఊరి వైభవం! ఆ సాయంత్రం నుంచీ ఎవరైనా "ఎలా ఉన్నారండీ?" అంటే "డెబ్బై ఆరండీ" అనే సమాధానం. డెబ్బై ఆరు వయసనుకుని పొరపడకండి. రిటైర్డు రెవిన్యూ ఇన్‌స్పెక్టరు అమ్మిరాజుగారికి అరవై ఎనిమిదే రావడంతో ఆయన పట్టుదల రెట్టింపయింది. మళ్ళీ పరీక్షకి తయారవడానికి అడుగులు లెక్కపెట్టడం మొదలెట్టారు. ఎడమ జేబులో చింతపిక్కలు పోసుకుంటారు, వంద అడుగులకోసారి ఒక పిక్క కుడి జేబులోకి మారుస్తారు. ఒకరోజు కుడి జేబుకి చిల్లి పడిందని తెలియక, లాకుల దగ్గర చూసుకుంటే మూడే పిక్కలున్నాయి! పాపం, ఆయన ముఖం చూడలేకపోయాం. నడిచిన దారంతా వెనక్కి వెళ్ళి పిక్కలన్నీ ఏరుకొచ్చుకున్నారు. ఆ వెనక్కి నడిచింది లెక్కలో కలపాలా అక్కరలేదా అన్నదాని మీద సంఘం రెండుసార్లు సమావేశమైంది.

ముప్పై ఏళ్ళ స్నేహితులు అర మార్కు తేడా వచ్చి మాటలు మానేశారు. ఒకాయన మనవరాలి పెళ్ళి శుభలేఖలో తన పేరు పక్కన బి.ఏ. తీయించి, ఎనభై నాలుగు అని వేయించుకున్నాడు. ఇంతకు ముందు మా ఊరి వృద్ధుల్లో ఇంత చలనం ఎప్పుడైనా చూశామా?

ఈ కొలతల కీర్తి మా పంచాయతీ ఆఫీసు దాకా పాకింది. రైల్వేగేటు పక్కన అప్పుడే కొత్తగా చేపల షెడ్డు కట్టారు. పైన రేకుల కప్పు, లోపల ఎనిమిది సిమెంటు దిమ్మలు. ఒక్కో దిమ్మ మీద ఒక్కొక్కరు కూర్చుని దర్జాగా చేపలమ్ముకోవచ్చు. ఏడు దిమ్మలు వయసులో ఉన్నవాళ్ళకి ఇచ్చేశారు. ఎనిమిదోది అరవై దాటినవాళ్ళకని దయతలచి కేటాయించారు. కానీ అధికారులకి ఒక దిగులు పట్టుకుంది. ముసలివాళ్ళు! దిమ్మ మీద కూర్చుని కూర్చుని ఏదైనా అయితే? ప్రారంభోత్సవం చేసిన షెడ్డుకి ఎంత అప్రతిష్ఠ!

అందుకని ఎనిమిదో దిమ్మ అడిగేవాళ్ళు మా సంఘం నుంచి ఫిట్‌నెస్ కాగితం తేవాలని తీర్మానించారు. పాస్ మార్కు ముప్పై అయిదు. ఇంతకంటే ముందుచూపు ఎక్కడైనా ఉందా?

ఆ దిమ్మకి అర్జీ పెట్టింది ఒకే ఒక్క మనిషి. పేరు తలుపులమ్మ. అర్జీ రాసిపెట్టింది కూడా నేనే.

తలుపులమ్మకి అరవై నాలుగేళ్ళు. పుట్టిల్లు తుని వైపు సముద్రపొడ్డున, మెట్టిల్లు నరసాపురం దగ్గర పల్లెలో. భర్త వేటకెళ్ళి తిరిగి రాక ఇరవై ఏళ్ళయింది. తెల్లవారుజామున చేపలు పట్టుకుని మొదటి పాసింజరులో మా స్టేషన్లో దిగుతుంది. అక్కణ్ణించి నెత్తిన చుట్టకుదురు, దాని మీద తట్ట పెట్టుకుని మా ఊరి వీధులన్నీ తిరిగి, పక్క రెండు ఊళ్ళూ తిరిగి, మధ్యాహ్నం బండికి స్టేషన్ చేరుకుంటుంది. నేను రైల్వేలో పనిచేసిన వాణ్ణి కాబట్టి మైలురాళ్ళ లెక్కన చెప్పగలను, తొమ్మిది మైళ్ళకి తక్కువుండదు. బస్సెక్కవచ్చు కదా అంటారేమో. నీసు వాసనని కండక్టర్లు ఎక్కనివ్వరు.

అర్జీ రాయించుకోవడానికి వచ్చినప్పుడు ఆవిడన్న మాటలు ఇవి.

"ఆ కొత్త షెడ్డులో కూచునే చోటు కావాలని రాయండి బాబుగారూ. మోకాళ్ళు పట్టేస్తన్నాయండి. పైన కప్పుంటది, కింద దిమ్ముంటది. పొద్దున కూచుంటే పొద్దు వాలేదాకా కూచోవచ్చండి. అంతేనండి, ఇంకేం రాయకండి."

"అరవై దాటాయి కదా, ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుందమ్మా" అన్నాను.

"కూచోడానికేంటండి?"

"ఆఁ, కూర్చోడానికే."

"ఆయ్" అంది తలుపులమ్మ. ఆ 'ఆయ్'లో ఎంత విధేయత! ప్రభుత్వ నిబంధనల్ని ప్రశ్నించని పౌరులంటే నాకు మొదటినుంచీ గౌరవం.

రెండో ఆదివారం క్యాంపుకి తలుపులమ్మ వచ్చింది. స్టేషన్ దగ్గర బోరింగు నీళ్ళతో కాళ్ళూ చేతులూ కడుక్కుని, తల నున్నగా దువ్వి ముడి చుట్టుకుని, ఎవరికీ అడ్డు కాకుండా వరండా మెట్ల కింద నిలబడింది.

మొదటిది కుర్చీ పరీక్ష. అధ్యక్షులవారి పక్కనే కుర్చీ వేశాం. తలుపులమ్మ దాని వీపు మీద చెయ్యేసి నిలబడింది గాని కూర్చోలేదు.

"కూర్చోండమ్మా" అన్నారు డాక్టరుగారు.

"వద్దండి బాబూ. అంత పెద్దమనుషుల పక్కన కుర్చీలో ఏం కూచుంటానండి? నించునే ఉంటాను, మీరు కానివ్వండి."

ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. కూర్చోని మనిషి ఎన్నిసార్లు లేచిందో ఏ శాస్త్రం చెప్పగలదు? కాగితం మీద సున్నా వేశాను.

రెండోది పిడికిలి. స్ప్రింగు యంత్రం చేతికిస్తే, ఇది విరిగిపోతుందేమో అని భయపడుతూ తలుపులమ్మ నొక్కింది. ముల్లు అంకెలన్నీ దాటి చివర ఇనుప మేకుకి కొట్టుకుని ఆగిపోయింది. డాక్టరుగారు రెండుసార్లు విదిలించి చూశారు. అంకెలు దాటిన కొలత థీసిస్‌లో వేయడానికి గడి లేదన్నారు. మళ్ళీ సున్నా. ఇందులో ఎవరి తప్పూ లేదు. గడులు అచ్చయి వచ్చాయి, ఆవిడ చెయ్యే అచ్చు ప్రకారం లేదు.

మూడోది నడక. ఇది చూస్తే మీకే తెలుస్తుంది మా పరీక్షలు ఎంత పకడ్బందీగా జరిగాయో! స్కూలు గేటు నుంచి పోస్టాఫీసు దాకా వెళ్ళి వెనక్కి, మళ్ళీ వెళ్ళి వెనక్కి, అలా ఆరు నిమిషాలు. తలుపులమ్మ నాలుగడుగులు వేసి ఆగింది.

"తట్ట ఇప్పించండి బాబూ. నెత్తిన బరువు లేకపోతే కాళ్ళు ఎటేస్తన్నానో తెలీడం లేదండి."

బరువుతో నడవడం నిబంధనలకి విరుద్ధమన్నారు డాక్టరుగారు. సరేనని బయలుదేరింది. కుడిచెయ్యి మాత్రం అలవాటుగా పైకి లేచి, లేని తట్టని పట్టుకునే ఉంది. మాలో కొందరు నవ్వారు. నేనూ నవ్వాననే గుర్తు.

పోస్టాఫీసు ఇంకా పాతికగజాలుందనగా, అన్నపూర్ణమ్మగారు తమ గుమ్మంలోంచి కేక వేశారు. "ఏమే తలుపులమ్మా! రేపు ఏం తెస్తావు?"

నలభై ఏళ్ళుగా వీధుల్లో చేపలమ్ముకున్న మనిషి, గుమ్మంలోంచి పిలుపు వినిపిస్తే ఆగకుండా ఎలా పోతుంది? ఆగింది. "చందువాలుంటే చందువాలు తెత్తానండి, లేకపోతే మెత్తళ్ళండి" అంది. అన్నపూర్ణమ్మగారు మొన్నటి సొరచేప ముదురుదని గుర్తుచేశారు. తలుపులమ్మ ఒప్పుకోలేదు. ఆ వ్యవహారం తేలేలోపు ఎదురింటివాళ్ళు పిలిచారు. మేమిక్కణ్ణించి "నడు, నడు!" అని అరుస్తూనే ఉన్నాం. ఆరు నిమిషాల్లో తలుపులమ్మ రెండువందల గజాలు నడిచి, మర్నాటికి మూడిళ్ళ బేరాలు మాట్లాడుకుని వచ్చింది. బేరాలకి గడి లేదు. నడకకి ఇరవైకి అయిదు.

ఇక మిగిలింది ఆసక్తి. యాభై మార్కులు! ఇక్కడైనా గట్టెక్కుతుందని నిజంగానే అనుకున్నాను.

"వ్యాయామం చేస్తావా తలుపులమ్మా?"

"అంటే ఏంటండి?"

"అంటే... మోసేదేమీ లేకుండా, చేరవలసిన చోటేమీ లేకుండా, ఊరికే నడవడం."

"అయ్యబాబోయ్! అలాంటి అలవాట్లేమీ లేవండి నాకు."

చేయదు అని రాశాను.

"ఎందుకు నడుస్తావు? ఆరోగ్యం కోసమా, మనశ్శాంతి కోసమా, డాక్టరు సలహా మీదా?"

"బస్సెక్కనివ్వరండి."

కాగితంలో మూడే జవాబులున్నాయి. నాలుగోది రాయడానికి చోటు లేదు.

"నడక మానేద్దామని ఎప్పుడైనా అనిపిస్తుందా?"

"రోజూ అనిపిస్తదండి."

ఇంత బాహాటంగా ఒప్పుకున్నాక ఎవరు మాత్రం ఏం చేయగలరు? ఇదే ప్రశ్నకి మల్లేశ్వరరావుగారు కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యేసుకుని, "ప్రాణం పోయినా మానను" అన్నారు. ఆసక్తి అంటే అలా ఉండాలి.

"మానేస్తే ఏమవుతుందనుకుంటున్నావు? ఒళ్ళు వస్తుందా, నిద్ర పట్టదా, దిగులేస్తుందా?"

"కూచుంటానండి" అంది.

తోటివాళ్ళతో కలిసి నడుస్తావా అన్న ప్రశ్నకి మాత్రం, బండి దిగిన ఆడవాళ్ళందరం కలిసే బయల్దేరతామండి అంది కాబట్టి అయిదుకి అయిదు ఇచ్చాను. వయసు దాచకుండా చెప్పినందుకు నా చేతి మీదుగా ఇంకొకటి వేశాను. మొత్తం పదకొండు. చివర్న 'ఇతర వివరాలు' అని రెండు ఖాళీ గీతలున్నాయి. తొమ్మిది మైళ్ళ సంగతి అందులో రాయవచ్చు. కానీ అప్పటికి ఒంటిగంట కావస్తోంది, అధ్యక్షులవారింట్లో మాకు భోజనాలు. పులిహోర చల్లారితే బాగుండదు.

మూడోనాటికి పంచాయతీ గుమ్మానికి కాగితం అంటించారు. 'ఎనిమిదో దిమ్మ: దరఖాస్తుదారు శారీరకంగా అసమర్థురాలు, వ్యాయామంపై ఆసక్తి లేనిది.' కింద కార్యదర్శిగా నా సంతకం. నా సంతకం ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

ఆ కాగితం చదివాక నాకు ఎందుకో ఆ పూట పెసరట్టు సయించలేదు. అధ్యక్షులవారితో అన్నాను. "ఏవండీ, ఆ తలుపులమ్మ మార్కులు ఒకసారి మళ్ళీ చూడాలేమో."

ఆయన దయగల మనిషి. వెంటనే, "అలాగే చూద్దాం. పదకొండుంది, పదమూడు చేద్దాం" అన్నారు.

"ముప్పై అయిదు కావాలండి."

"అమ్మమ్మ! పదకొండుకీ ముప్పై అయిదుకీ పొంతనేంటండి? పద్నాలుగు."

"తొమ్మిది మైళ్ళు నడుస్తుందండి రోజూ."

"అది నడకేంటండీ, వ్యాపారం! మేం కొట్లో గజాలు కొలుస్తాం, దాన్ని వ్యాయామం అంటామా? పదిహేను. అంతకు మించి పైసా... అదే, మార్కు గిట్టదు."

చూశారా, తన విషయంలో ఎంత ఉదారంగా బేరమాడిన మనిషి, ఊరి విషయానికి వచ్చేసరికి ఎంత నిక్కచ్చిగా నిలబడ్డాడో! డాక్టరు వీరబ్రహ్మంగారికి ఉత్తరం రాశాను. కాగితాలన్నీ కట్టలు కట్టి పంపేశామనీ, ఇప్పుడు ఒక అంకె మారిస్తే ఇరవై నలుగురి సగటు చెదిరిపోతుందనీ, తలుపులమ్మగారిని అడిగానని చెప్పమనీ జవాబిచ్చారు.

కాబట్టి ప్రస్తుత పరిస్థితి ఇది. కూర్చోవడానికి సామర్థ్యం చాలదని తేలిన తలుపులమ్మ రోజుకి తొమ్మిది మైళ్ళు నడుస్తోంది. నడవడానికి సంపూర్ణ సామర్థ్యం ఉందని తేలిన మేము హోటల్లో కూర్చుంటున్నాం. శాస్త్రం ఎవరిని ఎక్కడుంచాలో అక్కడుంచింది.

ఇంకా ఎవరికైనా కొలతల మీద అనుమానం ఉంటే, మొన్న శుక్రవారం మా ఇంటి ముందు జరిగింది వినండి.

తలుపులమ్మ చందువాలు తెచ్చింది. వంగనవసరం లేకుండా తట్టని మా అరుగు మీదికి దించి, మా ఆవిడ మాణిక్యాంబకి చేపలు ఏరి ఇచ్చింది. ఎండ అప్పటికే పేలిపోతోంది. రోజూ అడిగే మాటే అడిగింది.

"ఆ దిమ్మ సంగతి ఏమైందండి బాబుగారూ?"

"చూస్తున్నారమ్మా" అన్నాను. రోజూ చెప్పే అబద్ధమే అది. పంచాయతీ గుమ్మం ముందు నుంచే రోజూ వెళుతుంది. ఆవిడకి చదువు రాదు. అక్కడ అంటించిన కాగితంలో ఉన్నది తన పేరేనని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ణి నేను.

"కాసేపు ఈ అరుగు మీద కూర్చుని వెళ్ళు తలుపులమ్మా" అన్నాను.

"వద్దండి బాబూ. మోకాళ్ళు మడిస్తే మళ్ళీ లేవలేనండి. మొన్న మీ కుర్చీలోనూ అందుకే కూచోలేదు, పెద్దమనుషుల ముందు చెప్పుకోడానికి సిగ్గేసింది. పొద్దు వాలేదాకా కూచోనిచ్చే చోటైతే కూచుంటాను. ఓ గడియ కోసం అయితే నించోడమే నయమండి." చుట్టకుదురు సర్దుకుని, "ఓ చెయ్యెయ్యండి, తట్ట నెత్తికెత్తుకుంటాను" అంది.

నేను లేచాను. వందకి ఎనభై ఒక్క మార్కుల మనిషిని! తట్టకి ఒకవైపు రెండు చేతులూ వేసి ఎత్తాను. నా గుండెల దాకా వచ్చి ఆగిపోయింది. నడుములో ఏదో కలుక్కుమంది. ఈ బరువు నెత్తిన పెట్టుకుని తొమ్మిది మైళ్ళా అన్న ఆలోచన నాకు ఆ క్షణం దాకా, నిజం చెబుతున్నాను, ఒక్కసారి కూడా రాలేదు. ఇన్నేళ్ళుగా ఆవిడ తెచ్చిన చేపలు తింటున్నాను. గూడ్సు ఆఫీసులో లక్ష బస్తాలు తూయించాను. ఈ తట్ట ఎంత బరువుంటుందో అడగలేదు.

"మీరు తప్పుకోండి" అంటూ మాణిక్యాంబ వచ్చి ఆ వైపు పట్టుకుంది. మా ఆవిడ పరీక్షకి రాలేదు. ఇంట్లో నీళ్ళు తోడుకోవాలంది, తీరిక లేదంది. ఇద్దరూ ఒక్క ఊపున తట్ట లేపి నెత్తికెక్కించారు. తలుపులమ్మ మెడ ఒకసారి ఒణికి నిలదొక్కుకుంది. "వస్తానండి అమ్మగారూ" అని వెళ్ళిపోయింది.

నాకు సిగ్గేసింది. ఇంకో మాట వెతుక్కోను, సిగ్గే వేసింది.

పాఠకులారా, ఎనిమిదో దిమ్మ ఇంకా ఖాళీగానే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు. అర్హులైన వృద్ధులెవరూ దరఖాస్తు పెట్టలేదట. ఆవిడ ఈ పత్రిక చదవదన్న ధైర్యంతో ఇదంతా ఇక్కడ రాస్తున్నానని మీలో కొందరికి అనిపించవచ్చు. నిజమే. ఈ రోజు ఆవిడ వచ్చినప్పుడు ఇదే మాట నోటితో చెబుతానని మాణిక్యాంబకి మాటిచ్చాను. వర్తకుణ్ణి కాను కాబట్టి నిలబెట్టుకోక తప్పదు.

పంచాయతీవారికి నా విన్నపం ఒక్కటే. నియమాలు మార్చమని అడగను. పాస్ మార్కు తగ్గించమనీ అడగను. తలుపులమ్మకి కావలసినవి ఇరవై నాలుగు మార్కులు. అవి నా ఎనభై ఒకటిలోంచి కోసి ఆవిడ పేరున వేయండి. మిగిలిన యాభై ఏడూ కూడా కావాలంటే తీసుకోండి. నాకు వాటితో పనేముంది? కూర్చోవడానికి మా వరండాలో పడక్కుర్చీ ఉంది. దాంట్లో కూర్చునే ముందు ఎన్ని మార్కులొచ్చాయని నన్ను ఎవరూ అడగలేదు.